పిల్లికూన అతిసారం: లంఖణం పరమౌషధం కాని వేళ

అతిసారం గురించి ఈ పుటలలో వ్రాయడం నాకు కొత్త కాదు. వేసవిలో పిల్లలకు పట్టుకొనే విరేచనాలకు, విందుభోజనం వికటించి పెద్దలకు వచ్చే విరేచనాలకు దానిమ్మ తొక్క, మారేడు, వాము, శొంఠి ఏ విధంగా ఉపకరిస్తాయో పలుమార్లు వివరించాను. ఈసారి రోగి మనిషి కాదు, మా ఇంటికి కొత్తగా వచ్చిన ఒక పిల్లికూన. వైద్యం తెలుసునన్న ధీమాతో నేను చేసిన పొరపాటు దాని ప్రాణం మీదకు తెచ్చింది. అటువంటి పొరపాటు మరొక ఇంట జరుగకూడదనే ఈ పాఠం వ్రాస్తున్నాను. ఈ రోజులలో మధ్యతరగతి ఇళ్ళలో పిల్లలు ముచ్చటపడి పిల్లికూనలను తెచ్చుకోవడం పరిపాటి అయింది. తెచ్చిన మొదటి వారంలో వాటికి సాధారణంగా వచ్చే బాధ విరేచనాలే. కనుక దీనిని గృహస్థులందరూ తెలుసుకొని ఉండడం మేలు.

జరిగిన సంగతి

గత సంవత్సరం శ్రావణమాసంలో ఒక బుధవారం సాయంత్రం మా మనుమరాలు బడి నుండి వస్తూ, వానలో తడిసిన పిల్లికూనను చున్నీలో చుట్టుకొని తెచ్చింది. వీధి చివర మూతపడిన దుకాణం మెట్ల క్రింద అది రెండు రోజులుగా ఒంటరిగా అరుస్తున్నదట. తల్లిపిల్లి జాడ లేదు. వంటింటి త్రాసు మీద పెడితే 580 గ్రాములు తూగింది. దానికి బుజ్జి అని పేరు కూడా పెట్టేశారు.

పిల్లి అనగానే మన మనస్సులో మెదిలేది పాలగిన్నె. నేనూ అదే చేశాను. గిన్నె నిండా ఆవుపాలు పోస్తే ఆబగా త్రాగింది. రాత్రి కాస్త పెరుగన్నం కూడా పెట్టాను. గురువారం తెల్లవారి చూస్తే బీరువా చాటున మూడుచోట్ల నీళ్ళ విరేచనం. పుల్లని వాసన, నురుగు. కూన మాత్రం హుషారుగానే ఉంది, ఆకలితో కాళ్ళ చుట్టూ తిరుగుతున్నది.

నా ఆలోచన వెంటనే అలవాటైన త్రోవ పట్టింది. అజీర్ణం వల్ల వచ్చిన అతిసారం, లంఖణం పరమౌషధం, ఒక పూట పొట్టకు విశ్రాంతి ఇస్తే అదే సర్దుకుంటుంది అనుకున్నాను. కాచి చల్లార్చిన నీరు తప్ప మరేమీ పెట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. మరునాడు ఇద్దామని దానిమ్మ తొక్క కషాయం కూడా కాచి ఉంచాను. సాయంత్రానికి విరేచనాలు తగ్గాయి. నా వైద్యం పని చేసిందని సంతోషించాను. లోపల ఏమీ లేనప్పుడు బయటకు వచ్చేదేమీ ఉండదన్న చిన్న విషయం నాకు తట్టలేదు.

శుక్రవారం ఉదయం వరలక్ష్మీవ్రతానికి కలశం సిద్ధం చేస్తున్నాను. "నానమ్మా, బుజ్జి లేవడం లేదు" అంటూ మనుమరాలు ఏడుస్తూ వచ్చింది. వెళ్ళి చూస్తే కూన ప్రక్కకు ఒరిగి పడి ఉంది. చెవులు, పాదాలు చల్లబడ్డాయి. లేపి నిలబెడితే తల తూలుతున్నది. త్రాసు మీద పెడితే 530 గ్రాములు. పూజ పనులు కోడలికి అప్పగించి, దానిని ఉన్ని శాలువాలో చుట్టి, మనుమరాలితో కలిసి ఆటోలో పశువైద్యశాలకు పరుగెత్తాను.

అక్కడి వైద్యురాలు ఉష్ణోగ్రత చూశారు. 97 డిగ్రీలు. పిల్లికి సహజంగా ఉండవలసినది 100.5 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ఆమె ముందుగా వేడినీటి సీసాలకు బట్ట చుట్టి ఇరువైపులా ఉంచారు. చిగుళ్ళకు గ్లూకోజు ద్రవం రాశారు. చర్మం క్రింద సెలైన్ ఎక్కించారు. ఆ తరువాతనే నన్ను ప్రశ్నించారు.

"ఎంతసేపటి నుండి ఏమీ తినలేదమ్మా?"

"నిన్న ఉదయం నుండి పెట్టలేదండీ. విరేచనాలని లంఖణం పెట్టాను."

ఆమె కోపగించుకోలేదు. "పెద్దవాళ్ళకు మీరు చెప్పే పథ్యం తప్పు కాదమ్మా. కాని ఇది అరకిలో ప్రాణి. ఒక రోజు ఆకలికి తట్టుకొనేటంత నిల్వ దీని ఒంట్లో ఉండదు. విరేచనాల వల్ల కాదు, ఆకలి వల్ల పడిపోయింది" అన్నారు.

ఆ మాట నాకు ఎంత బాధ కలిగించిందో చెప్పలేను. మలాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తే ఏలికపాముల గుడ్లు కూడా కనిపించాయి. కూన వయస్సు సుమారు ఏడు వారాలు ఉండవచ్చునని చెప్పి, బరువును బట్టి పురుగుల మందు ఇచ్చారు. నాలుగేసి గంటలకు ఒకసారి కొద్దికొద్దిగా ఆహారం పెట్టమన్నారు. ఆ రాత్రి నేనూ మనుమరాలూ వంతులవారీగా మేలుకొన్నాము. మూడవనాటికి మలం గట్టిపడింది. కాచి ఉంచిన దానిమ్మ తొక్క కషాయం ఏమైందంటారా? పెరట్లో పారబోశాను.

శాస్త్రం చెప్పినది, నేను మరచినది

ఇంటికి వచ్చిన తరువాత ఆలోచిస్తే, తప్పు శాస్త్రానిది కాదని, శాస్త్రాన్ని సామెతగా మాత్రమే గుర్తుంచుకొన్న నాదని తెలిసింది. ఆయుర్వేదంలో లంఘనం గొప్ప చికిత్స. అయితే అది ఎవరికి పనికిరాదో కూడా శాస్త్రకారులు చెప్పారు. బాలురు, వృద్ధులు, గర్భిణులు, దుర్బలులు లంఘనానికి తగరు. ఏడు వారాల పిల్లికూన బాలురలోకెల్ల బాల, దుర్బలురలోకెల్ల దుర్బల. సామెత నోటికి వచ్చింది, నిషేధం మనస్సుకు రాలేదు.

రెండవ విషయం. మన ప్రాచీనులు జంతువులకు వైద్యం చెప్పినప్పుడు మనుష్య వైద్యాన్నే యథాతథంగా అంటగట్టలేదు. పాలకాప్యుని పేర ఏనుగులకు హస్త్యాయుర్వేదం, శాలిహోత్రుని పేర గుర్రాలకు అశ్వశాస్త్రం వేరువేరుగా వెలసినవి. దేహం మారితే వైద్యం మారుతుందని వారికి తెలుసు. పిల్లి మాంసాహారి. దాని కాలేయం, ప్రేగులు, దంతాలు అన్నీ ఆ ఆహారానికి తగినట్లు ఏర్పడినవి. మనకు అమృతమైనది దానికి విషం కావచ్చును.

మూడవది. చరకుడు అతిసారాన్ని ఆరు విధాలుగా చెప్పాడు. వాత, పిత్త, కఫ, సన్నిపాత జన్యాలు నాలుగు. భయం వల్ల కలిగేది ఒకటి, శోకం వల్ల కలిగేది ఒకటి. తల్లిని పోగొట్టుకొని, కొత్త ఇంటికి, కొత్త మనుషుల మధ్యకు వచ్చిన కూనకు ఈ చివరి రెండూ ఎంతగా వర్తిస్తాయో గమనించండి. మానసికమైన ఒత్తిడి ప్రేగుల కదలికను త్వరితం చేస్తుందని నేటి వైద్యులు కూడా చెబుతున్నారు.

విరేచనాలకు కారణాలు

1. పాలు: తల్లిపాలలోని చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ అనే జీర్ణరసం పాలు మరచిన తరువాత పిల్లులలో క్రమంగా తగ్గిపోతుంది. జీర్ణం కాని పాలచక్కెర ప్రేగులలోకి నీటిని లాగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెడతాయి. అందువల్లనే నురుగుతో, పుల్లని వాసనతో నీళ్ళ విరేచనం అవుతుంది.

2. ఆహారంలో ఆకస్మికమైన మార్పు: నిన్నటి దాకా ఒకటి తిని నేడు మరొకటి తింటే ప్రేగులు సర్దుకోలేవు. ముద్దుకొద్దీ అతిగా పెట్టడం కూడా ఇటువంటిదే.

3. పురుగులు: ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూనకు సంక్రమిస్తాయి. కనుక ఎంత శుభ్రమైన ఇంటిలో పుట్టిన కూనకైనా ఇవి ఉండవచ్చును. వాంతిలోనో మలంలోనో ఉడికిన సేమ్యా వలె కనిపిస్తాయి. పొట్ట ఉబ్బి, వెన్నెముక తేలి ఉంటుంది. కొంకిపురుగులు రక్తం పీలుస్తాయి. చిగుళ్ళు పాలిపోతాయి, మలం నల్లబడుతుంది. బద్దెపురుగుల ముక్కలు మలద్వారం చుట్టూ బియ్యపు గింజల వలె అంటుకొని ఉంటాయి.

4. కంటికి కనిపించని పరాన్నజీవులు: కాక్సీడియా, జియార్డియా అనేవి ముఖ్యమైనవి. ఇవి సాధారణమైన పురుగుల మందుకు లొంగవు. మలపరీక్షలో గుర్తించి వేరే మందు ఇవ్వవలసి ఉంటుంది. పురుగుల మందు వేసినా విరేచనాలు తగ్గకపోతే వీటిని అనుమానించవలెను.

5. పాన్‌ల్యూకోపీనియా: ఇది పిల్లులకు వచ్చే పార్వో జాతి వైరస్ వ్యాధి, అన్నింటిలోకి భయంకరమైనది. టీకా పడని కూనలలో జ్వరం, పదేపదే వాంతులు, తీవ్రమైన నీరసం కనిపిస్తాయి. విరేచనాలు కొంత ఆలస్యంగా మొదలుకావచ్చును. నీటిగిన్నె ముందు తల వాల్చి కూర్చుంటుంది కాని త్రాగదు. రక్తంలోని తెల్లకణాలు పడిపోతాయి. ఒక్కొక్కప్పుడు ఒక్క రోజులోనే ప్రాణం తీస్తుంది. మనుషులకు ఇది అంటదు.

6. విషపదార్థాలు: ఎలుకల మందు, బొద్దింకల మందు, కొన్ని పూలమొక్కలు. లిల్లీ జాతి మొక్కలు పిల్లుల మూత్రపిండాలను నాశనం చేస్తాయి. కూన ఉన్న ఇంట వీటిని ఉంచరాదు.

ఒంటిలోని నీరు ఎంత పోయింది?

అతిసారంలో అపాయం కలిగించే వాటిలో మొదటిది నీరు, లవణాలు కోల్పోవడం. మా బుజ్జి ఒకటిన్నర రోజులో పోగొట్టుకొన్న బరువు 50 గ్రాములు. వినడానికి స్వల్పంగా తోచవచ్చును. కాని అది దాని మొత్తం బరువులో సుమారు పన్నెండవ వంతు. 60 కిలోల మనిషి ఒకటిన్నర రోజులో 5 కిలోలు కోల్పోవడంతో అది సమానం. కనుక కూనను ప్రతి ఉదయం ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచి ఒక పుస్తకంలో వ్రాసుకోవలెను. ఆరోగ్యమైన కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరుగుతుంది. పెరగకపోయినా, తగ్గినా, ఏదో లోపం ఉన్నట్లే.

చిగుళ్ళు మరొక మంచి గుర్తు. వేలితో తాకితే తడిగా, జారుతూ, గులాబి రంగులో ఉండవలెను. జిగురుగా అంటుకొన్నా, పొడిగా ఉన్నా నీరు తగ్గినట్లు. భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవలెను. నెమ్మదిగా దిగితే నీరు బాగా తగ్గిందని అర్థం. అయితే చిక్కిపోయిన కూనలలో ఈ పరీక్ష ఒక్కటే చాలదు. కళ్ళు లోతుకు పోవడం మరింత ప్రమాదసూచన.

మనుషుల అతిసారంలో ఉప్పు, చక్కెర కలిసిన నీరు ఎంతటి మేలు చేసిందో పాఠకులకు గుర్తు చేస్తాను. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బొంగావ్ వద్ద, కలరా విజృంభించి సెలైన్ సీసాలు నిండుకొన్నప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రవాన్ని త్రాగించి వేలాది ప్రాణాలు కాపాడారు. ప్రేగులలో గ్లూకోజు సోడియాన్ని తనతోపాటు లోపలికి తీసుకొనిపోతుంది, దాని వెంట నీరు పోతుంది. ఈ ధర్మం పిల్లి ప్రేగులకు కూడా ఉన్నది. అయితే కూనకు ఎంత ఇవ్వవలెనో పశువైద్యుడే చెప్పవలెను. రుచులు, రంగులు కలపని పొడిని మాత్రమే పొట్లంపై చెప్పిన కొలత నీటిలో కలిపి, సూది తీసివేసిన సిరంజితో, బుగ్గ ప్రక్కగా, ఒక్కొక్క చుక్కగా వేయవలెను. వెల్లకిలా పడుకోబెట్టి నోటిలో పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. వాంతులు అవుతున్న కూనకు, స్పృహ తప్పిన కూనకు నోటి ద్వారా ఏదీ పోయరాదు.

వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవలసిన సందర్భాలు

ఎనిమిది వారాల లోపు కూనకు నీళ్ళ విరేచనాలు మొదలైతే, అది ఎంత చురుకుగా ఉన్నా, ఆ రోజే చూపించవలెను. అంతకు మించిన వయస్సు ఉండి, చక్కగా తింటూ, ఆడుకొంటూ, మలం మాత్రమే కొంచెం మెత్తబడితే ఒక రోజు పథ్యంతో గమనించవచ్చును. ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయరాదు.

- విరేచనాలతోపాటు వాంతులు.
- మలంలో రక్తం, లేదా తారు వలె నల్లని మలం.
- ఒక పూట మొత్తం ఆహారం ముట్టకపోవడం.
- మూలకు చేరి కదలకపోవడం, తూలడం, వణకడం.
- ఉష్ణోగ్రత 103 డిగ్రీలు దాటడం, లేదా 99 డిగ్రీల కంటె తగ్గడం.
- చిగుళ్ళు తెల్లగా పాలిపోవడం.

బయలుదేరేటప్పుడు రెండు పనులు చేయవలెను. మొదటిది, తాజా మలాన్ని శుభ్రమైన చిన్న డబ్బాలో తీసుకొనిపోవడం. రెండవది, కూనను వెచ్చగా ఉంచడం. చల్లబడిపోయిన కూనకు ఆత్రంగా ఆహారం పెట్టరాదు. దాని ప్రేగులు పని చేసే స్థితిలో ఉండవు. చిగుళ్ళకు ఒక బొట్టు చిక్కని చక్కెర నీరు రాసి, బట్ట చుట్టిన వెచ్చని నీటి సీసాను ప్రక్కన ఉంచి, త్వరగా తీసుకొనిపోవలెను. నేను ఆనాడు శాలువా చుట్టడం ఒక్కటే చేయగలిగాను.

ఇంట చేయవలసిన పథ్యం

కూనకు ఆకలి ఉన్నంతవరకు ఆహారం ఆపరాదు. కొద్దికొద్దిగా, రోజుకు అయిదారుసార్లు పెట్టవలెను. ఎముక లేని కోడిమాంసాన్ని ఉప్పు, కారం, పసుపు, నూనె ఏదీ లేకుండా మెత్తగా ఉడికించి, సన్నగా చీల్చి, ఉడికిన నీటితోనే కలిపి గోరువెచ్చగా పెట్టవలెను. ముల్లు లేని ఉడికిన చేప కూడా పెట్టవచ్చును. పచ్చిమాంసం పనికిరాదు. ఈ పథ్యం రెండు మూడు రోజులకే. ఎదిగే కూనకు కావలసిన సున్నము, జీవసత్వాలు ఇందులో చాలవు. ఆ తరువాత కూనల కోసం తయారైన ఆహారానికి మార్చవలెను. మార్పు ఒక్కసారిగా కాక, మొదట పాతది మూడు పాళ్ళు, కొత్తది ఒక పాలు. తరువాత సగం సగం. ఇట్లు వారం పది రోజులలో పూర్తి చేయవలెను.

మాది శాకాహార గృహం. మా వంటి వారికి ఇది ధర్మసంకటమే. పప్పన్నం, పెరుగన్నంతో పిల్లిని పెంచవచ్చునని చాలామంది అనుకొంటారు. పిల్లికి టారిన్ అనే పోషకం ఆహారం ద్వారానే అందవలెను. అది మాంసంలో ఉంటుంది, ధాన్యాలలో లేదు. అది కొరవడితే కంటిచూపు పోతుంది. గుండె కండరం కూడా బలహీనపడుతుందని 1987లో అమెరికా పశువైద్య పరిశోధకులు వెల్లడించారు. మా ఇంటిలో మాంసం వండే వీలు లేదు కనుక, ఆ రెండు రోజులు ప్రక్క ఇంటివారు ఉల్లి, వెల్లుల్లి తగలని గిన్నెలో విడిగా ఉడికించి పంపారు. తరువాత కూనల ఆహారం పొట్లాలు కొని, దానికొక గిన్నె, చెంచా వేరుగా కేటాయించి, వసారాలో పెడుతున్నాము. మాంసం ఏ రూపంలోనూ ఇంటిలోకి రాకూడదనుకొనేవారు పిల్లిని తేకపోవడమే మేలు. అది నిష్ఠురమైన మాట కాదు, దాని పట్ల దయ.

మన వంటింటి నుండి కూనకు పనికివచ్చేవి లేకపోలేదు. తొక్క, గింజలు తీసి ఉప్పు లేకుండా ఉడికించిన తీపి గుమ్మడి గుజ్జు పావు చెంచా నుండి అరచెంచా వరకు ఆహారంలో కలిపితే అందులోని పీచు మలానికి గట్టిదనం ఇస్తుంది. తాజా, పులియని పెరుగు పావు చెంచా కొన్ని కూనలకు సరిపడుతుంది, కొన్నింటికి సరిపడదు. పాలతో వచ్చిన విరేచనమైతే దానిని కూడా మానవలెను. శుభ్రమైన నీరు ఎల్లవేళలా అందుబాటులో ఉండవలెను.

భయజాతిసారానికి మందు ప్రశాంతత. కూనను మొదటి వారం ఒకే గదిలో ఉంచవలెను. ఒక అట్టపెట్టెను ప్రక్కకు తిప్పి పాత నూలు చీర పరచి, దాగడానికి చోటు ఇవ్వవలెను. చుట్టాలకు, స్నేహితులకు చూపించే ముచ్చట తరువాత తీర్చుకోవచ్చును.

ఇవ్వకూడనివి

గృహవైద్యం తెలిసిన వారు ఈ భాగాన్ని మరింత శ్రద్ధగా చదవవలెను. పిల్లి కాలేయంలో కొన్ని పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి చాలా తక్కువ. మనం సులభంగా విసర్జించేవి దానిలో నిలిచిపోయి విషమవుతాయి.

ఉల్లి, వెల్లుల్లి: పచ్చివైనా, ఉడికినవైనా, పొడియైనా ఎర్రకణాలను పగులగొట్టి పాండురోగం కలిగిస్తాయి. కూరలోని ముక్కలు కడిగి పెట్టినా దోషమే.

వాము నూనె, నీలగిరి తైలం, కర్పూరం: త్రాగించరాదు, పొట్టపై రాయరాదు. పిల్లి ఒళ్ళు నాకుకొంటుంది కనుక పూత కూడా లోపలికే పోతుంది.

జాజికాయ: పసిపిల్లల విరేచనాలకు అరగదీసి నాకించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. పిల్లులకు ఇది పనికిరాదు.

అరిష్టాలు, ఆసవాలు: కుటజారిష్టం అతిసారానికి ప్రసిద్ధమైనది. కాని పులియబెట్టడం వల్ల అరిష్టాలలో మద్యాంశం సహజంగా పుడుతుంది. అరకిలో కూనకు అది ప్రమాదకరం. రసౌషధాల మాట చెప్పనే అక్కరలేదు.

దానిమ్మ తొక్క మొదలైన వగరు కషాయాలు: ఇవి మలాన్ని బంధిస్తాయి. ఆమం ఉన్న దశలో స్తంభనం చేయరాదని ఆయుర్వేదమే చెబుతున్నది. పురుగులో, వైరస్సో లోపల ఉండగా మలాన్ని బంధిస్తే వ్యాధి దాగుతుందే కాని పోదు.

మనుషుల మాత్రలు: పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఆస్పిరిన్ కూడా ప్రమాదమే. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రలు, పిల్లలకు వేసే ఆల్బెండజోల్ మాత్రలు పశువైద్యుడు చెప్పకుండా ఇవ్వరాదు.

పెద్ద పిల్లులకు కూడా దీర్ఘమైన ఉపవాసం తగదు. కొన్ని రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకొని ప్రాణాంతకమైన జబ్బు కలుగుతుంది.

శుభ్రత, ఇంటివారి క్షేమం

మలం శుభ్రం చేయడానికి మనం ఫినాయిల్ వాడతాము. పిల్లి ఉన్న ఇంట అది పనికిరాదు. తడినేల మీద నడిచి పాదాలు నాకిన కూనకు అందులోని ఫినాల్ జాతి పదార్థాలు హాని చేస్తాయి. మొదట సబ్బునీటితో కడిగి, తరువాత ఒక పాలు ద్రవరూప బ్లీచ్‌ను 32 పాళ్ళ నీటిలో కలిపి తుడిచి, పది నిమిషాలు ఉంచి, మంచినీటితో కడిగి, బాగా ఆరిన తరువాతనే కూనను వదలవలెను. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంటిలో ఒక సంవత్సరం వరకు బ్రతికి ఉండగలదు. ఆ వ్యాధితో ఒక కూన పోయిన ఇంటికి టీకాలు పడని మరొక కూనను తేరాదు.

మలం పళ్ళెంలోని ఇసుకను ప్రతిదినం తీసివేయవలెను. పిల్లుల ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే జీవి మలంలో పడిన తరువాత ఒకటి నుండి అయిదు రోజులకు గాని అంటుకొనే శక్తిని పొందదు. కనుక రోజూ తీసివేయడమే పెద్ద రక్షణ. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండవలెను. ఏలికపాముల గుడ్లు పిల్లల చేతుల ద్వారా నోటిలోకి పోవచ్చును. కూనతో ఆడిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవడం అలవాటు చేయవలెను. వీధి నుండి తెచ్చిన కూన కరచినా, రక్కినా, గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీటి ధార క్రింద కడిగి, రేబిస్ టీకా కోసం ఆ రోజే వైద్యుని కలియవలెను. పసుపు, సున్నం పెట్టి ఊరుకోరాదు.

పురుగుల మందు రెండు మూడు వారాల వయస్సు నుండి ప్రతి రెండు వారాలకు, ఎనిమిది వారాలు దాటిన తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి వైద్యుని సలహాతో వేయించవలెను. పాన్‌ల్యూకోపీనియా కూడా కలిసిన టీకాను ఆరు నుండి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి 16 వారాలు నిండేవరకు, రేబిస్ టీకాను 12 వారాలు దాటిన తరువాత వేయించవలెను. విరేచనాలు పూర్తిగా తగ్గిన తరువాతనే టీకా వేయించడం మంచిది.

ముగింపు

బుజ్జి ఇప్పుడు మూడున్నర కిలోల పిల్లి. నేను ఈ వ్యాసం వ్రాస్తుంటే కాగితాల మీద కూర్చుండి కలాన్ని పంజాతో తడుతున్నది. ఆ 530 గ్రాములు వ్రాసుకొన్న పుస్తకం ఇప్పటికీ నా మందుల బీరువాలోనే ఉంది. ఎవరైనా వచ్చి చంటిబిడ్డకో, ముసలివారికో, పెంపుడు జంతువుకో మందు అడిగితే ముందు దానిని ఒకసారి చూస్తాను. మందు ఏమిటి అన్న ప్రశ్నకు ముందు, రోగి ఎవరు అన్న ప్రశ్న వేసుకోవలెనని అది నాకు గుర్తు చేస్తుంది.

గృహవైద్యం విలువైనది. దాని హద్దు తెలిసినప్పుడే ఆ విలువ నిలుస్తుంది. మీ ఇంటికి పిల్లికూన వస్తే పాలగిన్నె ప్రక్కన పెట్టండి, నీళ్ళగిన్నె ముందుంచండి, మొదటి రోజే దాని బరువు వ్రాసుకోండి. దగ్గరలోని పశువైద్యశాల ఎక్కడ ఉన్నదో, ఏ వేళలలో తెరచి ఉంటుందో ముందుగానే తెలుసుకొని ఉండండి. మా మనుమరాలు ఆనాడు నన్ను పిలవడంలో ఇంకొక గంట ఆలస్యం చేసి ఉంటే, ఈ పాఠం వ్రాసే అవకాశం నాకు ఉండేది కాదు.